ఓడ మీద అడ్డచుట్ట

బంగారురాజు చేసినదాన్ని మోసమని నలుగురిలో పెట్టి అనడానికి వీల్లేదు. జగన్నాధాన్ని ఇప్పటికీ పీక్కుతినేది అదే. కొట్టినవాడి మీద కేసు పెట్టొచ్చు. దొంగిలించినవాణ్ణి జుట్టు పట్టుకుని లాక్కురావొచ్చు. పక్కన నిలబడి, చేతిలో పెట్టినది అందుకుని, నవ్వుతూ ఊరుకున్నవాణ్ణి ఏం చేస్తాం? పెద్దమనుషుల దగ్గరికి వెళితే, "ఆడేటి సేసినాడురా, నువ్వే కదా నోరు మూసుకున్నావు" అంటారు. అదీ నిజమే. ఆ నోరు ఎందుకు మూతపడిందో చెప్పాలంటే మాత్రం ఓడ ఎక్కకముందు నుంచి చెప్పుకు రావాలి.

ఇద్దరూ తోడల్లుళ్లు. సుభద్రమ్మ పెద్దకూతురు కుమారిని జగన్నాధం చేసుకున్నాడు. చిన్నకూతురు రాధికను బంగారురాజు చేసుకున్నాడు. జగన్నాధానిది ఎచ్చెర్ల పక్క పల్లె, వ్యవసాయం. బంగారురాజుది విజయనగరంలో సిమెంటు, ఇనుము దుకాణం. సుభద్రమ్మకు మగపిల్లలు లేరు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలినది హైవే దిగగానే ఉన్న ఒక్క చెక్క భూమి. అప్పట్లో అది గొర్రెలు కూడా తొక్కని రాళ్లదిబ్బ. జగన్నాధం పందొమ్మిదేళ్లపాటు అందులో రాళ్లు ఏరి, చెరువుమట్టి తోలి, గట్లు కట్టి, దాన్ని పంట పండే నేల చేశాడు. ఏటా అత్తగారి వాటా గింజలు బండి మీద తెచ్చి, ఆవిడ గుమ్మం బయట దింపి, అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోయేవాడు.

గుమ్మం దాటకపోవడం అలకతో కాదు, మర్యాదతో. సుభద్రమ్మ పాతకాలపు మనిషి. అల్లుడి ఎదట కుర్చీలో కూర్చోదు, అల్లుడి మొహం చూసి మాట్లాడదు. ఏదైనా చెప్పవలసి వస్తే గోడకు చెబుతుంది, లేకపోతే దూడకు చెబుతుంది. "ఒలే దూడా, ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగమను." దూడ ఆ కబురు మోయకముందే జగన్నాధం మజ్జిగ తాగేవాడు. పందొమ్మిదేళ్లూ వాళ్లిద్దరి మధ్య మాటలు అలాగే నడిచాయి, పొల్లు పోకుండా.

బంగారురాజు ఈ లెక్కలేవీ పెట్టుకోడు. వస్తూనే అత్తగారి మంచం మీద కూలబడి, "అత్తా, ఏటి కూర" అంటాడు. మొదట్లో ఆవిడ కొంగు లాక్కుని వంటింట్లోకి పారిపోయేది. కొన్నాళ్లకు గుమ్మం వెనక నుంచి కూర పేరు చెప్పడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు గిన్నె తెచ్చి చూపించడం మొదలుపెట్టింది. మర్యాద పాటించినవాడు గుమ్మం బయట, పాటించనివాడు మంచం మీద. లోకంలో న్యాయం ఇంతే.

ఈ ఏడు బంగారురాజు కన్ను ఆ చెక్క మీద పడింది. ఎచ్చెర్ల యూనివర్సిటీ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల మేడలు లేస్తున్నాయి. సిమెంటు గోడౌనుకు అంతకు మించిన చోటు లేదని అత్తగారి చెవిలో వేశాడు. జగన్నాధం ఏమీ అనలేదు. చేసిన చాకిరీ ఆవిడ కళ్లకు కనబడుతూనే ఉంది, అల్లుడై ఉండి నోరు తెరిచి భూమి అడగడమేమిటని అతని అభిమానం. సుభద్రమ్మ అటూ అనలేదు, ఇటూ అనలేదు. "నాకూ ఎనభై దగ్గర పడతన్నాయి. తొలేకాశి నాడు తేల్సి సెప్పేస్తాను, ఎవులికి రాస్తానో" అంది, గోడతో.

సరిగ్గా అప్పుడే సిమెంటు కంపెనీ, సరుకు బాగా అమ్మిన డీలర్లకు ఓడ ప్రయాణం బహుమతి ఇచ్చింది. విశాఖపట్నంలో ఎక్కి, రెండు రాత్రులు నీటి మీద ఉండి, చెన్నైలో దిగడం. బంగారురాజుకు ఆరుగురికి టిక్కెట్లు వచ్చాయి. మధ్యరోజు తొలి ఏకాదశి పడింది.

"అన్నయ్యా, మనందరం ఎల్దాం. అత్తకి సముద్రం సూపించినట్టు ఉంతాది" అన్నాడు ఫోనులో.

"సముద్రం సూడ్డానికి ఓడేటి? కళింగపట్నం బస్సెక్కితే సాలదేటి" అన్నాడు జగన్నాధం. నారుమడి పోసిన వారం అది. నీరు చూసుకోకపోతే నారు మాడిపోతుంది.

కుమారి ఫోను లాక్కుని పెట్టేసి, మొగుడి వైపు తిరిగింది. "నువ్వు మానేస్తే మానీ. మా యమ్మ రెండు రోజులు ఆడి పక్కన కూకుంతాది. దిగేసరికి భూమి ఉంతాదో పోతాదో నాకు తెలీదు."

జగన్నాధం నారుమడి పక్క చేను గోవింద్‌కు అప్పగించి, కొత్త లుంగీలు రెండు కొనుక్కున్నాడు.

ఓడ ఎక్కడానికే మూడున్నర గంటలు పట్టింది. ఒక వరసలో ఆధార్ కార్డు చూశారు, ఇంకో వరసలో మొహం ఫోటో తీశారు, ఇంకో వరసలో సంచులు యంత్రంలోకి తోశారు. ఆ యంత్రం దగ్గరే జగన్నాధానికి చెమట పట్టింది. జంతికల డబ్బా అడుగున అత్తగారి చుట్టలు ఉన్నాయి.

సుభద్రమ్మ అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పు ఉన్న కొస నోటి లోపల, ఆరిన కొస బయట. శ్రీకాకుళం వైపు పెద్దవయసు ఆడవాళ్లకు అది కొత్తేమీ కాదు. గాలికి ఆరదు, నిప్పు రాలదు, ఊడుపుల్లో వంగి పని చేసుకుంటున్నా చేతులు ఖాళీ. నోట్లో నిప్పు ఉండగానే సుభద్రమ్మ కూలీల్ని తిట్టగలదు, మేకను అదిలించగలదు, రామాయణం సగం చెప్పగలదు. అయితే అది ఆడవాళ్ల విద్య. మగవాడు అడ్డచుట్ట పెడితే ఊళ్లో వాడికి చీర కట్టమంటారు, అదీ చచ్చేదాకా.

యంత్రం దగ్గర ఉన్నవాడు ఆవకాయ సీసా తీసుకున్నాడు, అగ్గిపెట్టెలు నాలుగూ తీసుకున్నాడు. జంతికల డబ్బా ఊపి చూసి ఇచ్చేశాడు. ఆ విధంగా ఇరవైనాలుగు చుట్టలు ఓడ ఎక్కాయి. నిప్పు మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

గదులు రెండే ఇచ్చారు. ఒకటి నలుగురిది, ఒకటి ఇద్దరిది. అల్లుడున్న గదిలో అత్త పడుకోవడమన్నది జరిగే పని కాదు గనుక, సుభద్రమ్మ, కూతుళ్లిద్దరూ, జగన్నాధం కూతురు సుహాసినీ నలుగురి గదిలో చేరారు. ఎచ్చెర్లలో డిగ్రీ చదువుతున్న సుహాసినే వీళ్లందరికీ ఇంగ్లీషు. మిగిలిన గది తోడల్లుళ్లది. తలుపు తీస్తే ఒకటే మంచం. మంచం మీద తెల్ల తువ్వాళ్లతో రెండు హంసలు చేసి, ముక్కుకు ముక్కు ఆనించి, చుట్టూ గులాబీ రేకులు చల్లి పెట్టారు.

ఇద్దరూ కొంతసేపు ఆ హంసల్ని చూశారు.

"కొత్తగా పెళ్లైనోల్ల గదంట అన్నయ్యా" అన్నాడు బంగారురాజు.

జగన్నాధం ఒక హంసను విప్పి మొహం తుడుచుకున్నాడు. కిటికీ తెర లాగితే వెనక గోడ కనబడింది. సముద్రంలో ఉన్నామని తెలియడానికి కాళ్ల కింద నేల ఊగడం తప్ప ఇంకే ఆధారమూ లేదు.

ఆ సాయంత్రం భోజనానికి లుంగీతో వెళితే గుమ్మంలోనే ఆపేశారు. ప్యాంటు వేసుకుని వచ్చేసరికి పప్పు అయిపోయింది. ఫోనుకు సిగ్నలు లేదు, గోవింద్ నీరు పెట్టాడో లేదో తెలియదు. మైకులో గంటకోసారి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో చెబుతుంది. ఓడ మునుగుతోందేమోనని జగన్నాధం లేచి నిలబడేవాడు. "ఏటంట?" "డాన్సు క్లాసంట నాన్నా." మళ్లీ కూర్చునేవాడు. ఇక పడక సంగతి చెప్పనక్కరలేదు. బంగారురాజు నిద్రలో భార్య అనుకుని కాలు వేశాడు. తెల్లారేసరికి జగన్నాధం నడుము మంచం అంచు మీద, మనసు ఎచ్చెర్లలో ఉన్నాయి.

మర్నాడు తొలి ఏకాదశి. పొద్దున్నే ఎనిమిది ఇడ్లీలు తిని ఆడవాళ్ల గదికి వెళ్లేసరికి లోపల పంచాయితీ నడుస్తోంది. సుభద్రమ్మ చుట్ట కాల్చి ఇరవై గంటలు దాటింది. కాఫీ తాగలేదు, ముద్ద ముట్టలేదు. మంచం దిగి నేల మీద కూర్చుని గోడను తిడుతోంది.

"పదకొండు అంతస్తులు కట్టినారు. సినిమా హాలు కట్టినారు. ఒక్క పొయ్యి పెట్టనేదు."

"గదిలో కాల్చకూడదంట అమ్మమ్మా. గంట మోగుతాదంట. పదో అంతస్తులో కాల్చుకునే చోటు ఉన్నాది, రా, తీసుకెల్తాను" అంది సుహాసిని.

"అక్కడ మగోల్లు ఉంతారు."

"ఆడోల్లు కూడా ఉన్నారు. నేను సూసినాను. సిగరెట్లు కాలస్తన్నారు, నిక్కర్లేసుకుని."

"అయితే మరి అసలు రాను."

బంగారురాజు గుమ్మంలోంచి, "అత్తా, రేపు చెన్నైలో దిగీసరికి డజను అగ్గిపెట్టెలు కొంతాను, ఊరుకో" అని చెప్పి టిఫినుకు వెళ్లిపోయాడు. జగన్నాధం అలవాటు ప్రకారం గుమ్మం బయట నిలబడ్డాడు. సుభద్రమ్మకు అతను వచ్చాడని తెలుసు. గోడ వైపు తిరిగి, అతనికి వినబడేటట్టు అంది.

"ఒలే గోడా, నీకు సెప్తన్నాను. ఇయాల నాకు నిప్పు తెచ్చినోడే నా అల్లుడు. మిగతాదంతా సాయంత్రం మాటాడుకుందుము."

ఇంత సూటిగా ఆవిడ గోడతో ఎప్పుడూ మాట్లాడలేదు. జగన్నాధం జంతికల డబ్బాలోంచి ఒక చుట్ట తీసి జేబులో వేసుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

పదో అంతస్తు మీద, ఓడ వెనక భాగంలో, బూడిద కుండీలు పెట్టిన చోటు ఒకటి ఉంది. నిక్కర్లేసుకున్న కుర్రాళ్లు నలుగురైదుగురు నిలబడి పొగ ఊదుతున్నారు. లైటరును చలివేంద్రంలో గ్లాసులాగ గొలుసుతో స్తంభానికి కట్టేశారు. పట్టుకుపోవడానికి లేదు. అంటే చుట్ట ఇక్కడే ముట్టించాలి, ముట్టించినదాన్ని నాలుగు అంతస్తులు కిందికి మోయాలి. దారి పొడుగునా పైకప్పుకు పొగ పసిగట్టే మూతలు, మలుపు మలుపుకూ బూట్లు టకటకలాడించే నౌకర్లు. చేత్తో మోస్తే పట్టుబడతాడు. జేబులో పెడితే కాలిపోతాడు.

ఇంకెవరికైనా అయితే అక్కడితో ఆశ చచ్చేది. జగన్నాధం మాత్రం అడ్డచుట్టల మధ్య పుట్టి పెరిగినవాడు. వాళ్లమ్మ కాల్చేది, మేనత్త కాల్చేది, కలుపు తీసే ప్రతి మనిషీ కాల్చేది. నిప్పును ఎవరికీ కనబడకుండా మోసే చోటు మనిషి ఒంట్లో ఒక్కటే ఉందని అతనికి తెలుసు.

తెలిసినదానికీ చేతనైనదానికీ ఎంత దూరమో మాత్రం తెలియదు. పుట్టి బుద్ధెరిగి బీడీ కూడా ముట్టినవాడు కాదు. నాలుగు దమ్ములు లాగేసరికి కళ్ల వెంట నీరు కారింది. కుర్రాళ్లు చూడకుండా రైలింగు వైపు తిరిగి, మేనత్తను తలుచుకుని, చుట్టను తిప్పి, నాలికను కింద అదిమి, నిప్పు కొసను లోపల పెట్టుకున్నాడు. పెదాలు బిగించాడు. బయట రెండు అంగుళాల చుట్ట కనబడుతోంది. దాన్ని తువ్వాలుతో మూసుకుని, పన్ను నొప్పి ఉన్నవాడిలాగ లిఫ్టు ఎక్కాడు.

లిఫ్టులో ఎర్రకోటు పిల్ల ఉంది. ఆ ఓడలో పనిచేసే ప్రతివాళ్లకూ ఒక జబ్బు. మనిషి కనబడితే పలకరిస్తారు, బదులు చెప్పేదాకా వదలరు.

"గుడ్ మార్నింగ్ సర్. హౌ ఆర్ యూ టుడే?"

జగన్నాధం తల ఊపాడు.

"ఎంజాయింగ్ ది క్రూజ్ సర్?"

మళ్లీ ఊపాడు. పొగ ఎటూ పోవడానికి దారి లేక ముక్కులోంచి సన్నగా బయలుదేరింది. తొమ్మిదో అంతస్తులో ఒక తల్లి, నాలుగేళ్ల పాప ఎక్కారు. పాప తలెత్తి చూసింది.

"అమ్మా, తాతగారి ముక్కులోంచి పొగొస్తోంది."

"తప్పు, అలా అనకూడదు. తాతగారికి కోపం వచ్చింది" అంది తల్లి, పాపను అవతలి పక్కకు లాక్కుంటూ.

యాభై ఒక్క ఏళ్లవాణ్ణి తాతను చేశారు. ఆ కోపం కూడా నోట్లోనే దాచుకున్నాడు. ఎనిమిది. ఏడు. లిఫ్టు ఆరో అంతస్తులో ఆగిన క్షణాన ఓడ ఒక పక్కకు ఒరిగింది. నాలిక జారి నిప్పుకు తగిలింది.

ఆ తర్వాత నడవా అంతా ఎలా నడిచాడో అతనికే గుర్తు లేదు. నిప్పు మాత్రం పారేయలేదు. అది చుట్టనిప్పు కాదు, పందొమ్మిదేళ్ల చాకిరీ. ఆడవాళ్ల గది ముందుకు వచ్చేసరికి అక్కడ బంగారురాజు ఐస్‌క్రీము కప్పు పట్టుకుని తలుపు కొడుతున్నాడు, అత్తను మేజిక్ షోకు తీసుకెళ్లడానికి. కుమారీ వాళ్లూ ఎక్కడికో పోయారు, లోపల సుభద్రమ్మ ఒక్కతే ఉంది.

ఒంటరిగా ఉన్న అత్తగారి గదిలోకి పెద్దల్లుడు అడుగుపెట్టడు. చుట్ట చేతికి అందించడం అంతకన్నా చెయ్యడు. జగన్నాధం నోట్లోంచి చుట్ట తీసి, అది ఇంకా ఎర్రగానే ఉండడం చూసి, బంగారురాజు చేతిలో పెట్టి, గది లోపలికి వేలు చూపించాడు. మాట రాలేదు. నోరు రెండు చేతులతో పట్టుకుని తమ గదికి, నీళ్ల కొళాయి దగ్గరికి పరుగెత్తాడు.

వెనక తలుపు తీసిన చప్పుడు వినబడింది.

"అత్తా, ఇదిగో నిప్పు" అన్నాడు బంగారురాజు.

"నా బాబే, నా తండ్రే" అంది సుభద్రమ్మ.

తర్వాత జరిగినది సుహాసిని చెప్పగా తెలిసింది. అమ్మమ్మ స్నానాలగదిలో దూరి తలుపు వేసుకుందట. కాసేపటికి గంట మోగిందట. తెల్లబట్టలవాళ్లు ఇద్దరు వచ్చి, తలుపు తీయించి, చెత్తబుట్ట వెతికి, తువ్వాళ్లు దులిపి, జంతికలు కూడా వాసన చూశారట. సుభద్రమ్మ కమోడు మూత మీద బుద్ధిగా కూర్చుని, బయట ఉన్న ముక్క తుంచేసి, నోరు మూసుకుని, రెండు చేతులూ ఖాళీగా చాపి చూపించిందట. పొగ ఉంది, నిప్పు లేదు. వాళ్లకు దిమ్మతిరిగి, యంత్రమే చెడిపోయిందని క్షమాపణ చెప్పి, అరటిపళ్లు, ఆపిలు పళ్లు బుట్టలో పెట్టి పంపించారట.

మధ్యాహ్నం భోజనాల వేళకు జగన్నాధం నాలిక పుల్లట్టులా పొంగింది. నోట్లో అది తప్ప ఇంకేమీ పట్టడం లేదు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"ఏటలా ఉన్నావు? మాటాడవేటి" అంది కుమారి.

జగన్నాధం బంగారురాజు వైపు చూశాడు. నిప్పు పక్కనే తడిగా ఉన్న చుట్ట చేతికి వచ్చినప్పుడే బంగారురాజుకు సంగతంతా తెలిసిపోయింది. సిమెంటు అమ్మేవాడికి ఆపాటి లెక్క రాకపోదు. నెమ్మదిగా పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు.

"అన్నయ్య మౌనవ్రతం వదినా. ఇయాల తొలేకాశి కదా."

జగన్నాధానికి రెండు దారులు కనబడ్డాయి. కాదని నోరు తెరిచి చూపిస్తే, ఎందుకు కాలిందో చెప్పాలి. మగపుట్టక పుట్టి అడ్డచుట్ట పెట్టాడన్న మాట విజయనగరం సిమెంటు కొట్టు దాకా పోతుంది. అక్కడి నుంచి బస్తాకో కబురు చొప్పున జిల్లా అంతా పోతుంది. అవునంటే, ఒక్క పూట గడిచిపోతుంది. తల ఊపాడు.

"మౌనమేటి, పొద్దున్న ఎనిమిది ఇడ్లీలు తింతూ ఓడోడిని అన్ని తిట్లు తిట్టినావు కదా" అంది కుమారి.

"గుర్తొచ్చినకాడి నుంచి పట్టినాడు" అన్నాడు బంగారురాజు.

రాధిక భక్తిగా లేచి, జగన్నాధం ముందున్న పళ్లెం తీసేసింది. "మౌనముంటే ఉపోషం కూడా ఉండాల కదా బావా. రేపు ద్వాదశి స్నానం అయ్యేదాకా నీల్లే."

ఆ బల్లకు నాలుగడుగుల దూరంలో ఏడు రకాల ఐస్‌క్రీములు వరసగా పెట్టి ఉన్నాయి, ఎవరికెంత కావాలంటే అంత. చల్లటిది ఒక్క చెంచా నాలిక మీద పడితే చాలని జగన్నాధం ప్రాణం కొట్టుకుంటోంది. బంగారురాజు మూడుసార్లు లేచి వెళ్లి మూడు రంగులు తెచ్చుకున్నాడు. ప్రతి కప్పూ అతని ఎదటే తిన్నాడు. ఈ ఐస్‌క్రీముల సంగతి జగన్నాధం భూమి సంగతి కాక దేవుడికి విడిగా చెప్పుకున్నాడు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక అందరూ పై అంతస్తులో రైలింగు పక్కన చేరారు. నాలుగు వైపులా నీళ్లే. సుభద్రమ్మ చుట్ట పడి మొహం తేటగా ఉంది. కుర్చీలు ఉన్నా నేల మీదే కూర్చుని, పైన వేలాడుతున్న చిన్న పడవ వైపు తిరిగింది.

"ఒలే పడవా, ఇనుకో. ఇద్దరూ నాకు అల్లుల్లే. పెద్దాయన పందొమ్మిదేళ్లు సేసినాడు, నానేటి కల్లు లేనిదాన్ని కాదు. గాని భూమి కావాలని ఒక్కనాడు నోరిప్పి అడగనేదు. సిన్నోడు అడిగినాడు. ఇయాల నాను పీక్కుపోతంటే నిప్పు కూడా తెచ్చినాడు."

బంగారురాజు సముద్రం వైపు చూస్తూ పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. తేలేదని అనలేదు. తెచ్చానని కూడా అనలేదు.

"నాను ధర్మం తప్పను" అంది సుభద్రమ్మ. "పెద్దాయన ఇప్పుడు నోటితో ఒక్క మాట అడిగితే ఆ చెక్క ఆయనకే. అడక్కపోతే ఆయనకి అక్కర్నేదనుకుంతాను, సిన్నోడికి రాస్తాను. గంగమ్మ సాచ్చి. ఈ మాట మరి తిరగదు."

కుమారి మొగుణ్ణి డొక్కలో పొడిచింది. "అడగయ్యా."

"వ్రతం సెడగొడతావేటి అక్కా" అంది రాధిక.

"తల ఊపుతున్నాడు కదే, సూడు. ఎంత గట్టిగా ఊపుతున్నాడో."

"తల మేక కూడా ఊపుతాది. నోటి మాట కావాల" అంది సుభద్రమ్మ పడవతో.

సుహాసిని ఫోను పట్టుకుని ఇదంతా వీడియో తీస్తోంది. జగన్నాధం ఆ ఫోను వైపు చూశాడు. నోరు తెరిస్తే నాలిక కనబడుతుంది, ఫోనులో కూడా పడుతుంది. తెరవకపోతే భూమి పోతుంది. పందొమ్మిదేళ్లు అడగని అభిమానం ఒక పక్క, చీర కట్టిస్తారన్న భయం ఇంకో పక్క. సరే, కట్టించనీ అనుకున్నాడు చివరికి. పట్టుచీర కట్టించినా పరవాలేదు. గుండె నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచాడు.

"బ్బూ... బ్బువ్వా..." అని ఏదో వచ్చింది.

సుభద్రమ్మ ఉలిక్కిపడి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి పెద్దల్లుడి మొహంలోకి సూటిగా చూసింది.

"వద్దు బాబూ, వద్దు. ఎందుకొచ్చిన భూమి, నోరు ముయ్యి. నడిసముద్రంలో ఏకాశి వ్రతం సెడితే ఒడ్డుకి సేరం. రెండేల మంది ఉన్నారు ఓడలో. ఒలే కుమారీ, ముయ్యవే ఆయన నోరు, సూస్తావేటి."

కుమారి కిందికి చూసింది. నీళ్లు నల్లగా ఉన్నాయి, ఓడ ఊగుతోంది. భూమి మీద ఎంత ఆశ ఉన్నా ఆవిడకు ఈత రాదు. లేచి, కాయకష్టం చేసిన చేయి మొత్తం తెచ్చి మొగుడి నోటికి అదిమింది. పళ్లు నాలిక మీద పడ్డాయి. జగన్నాధం కళ్ల వెంట బొటబొట నీరు కారింది.

"సూడండే" అంది సుభద్రమ్మ. "భూమి మాట ఎత్తితేనే ఎలా కన్నీరు పెట్టుకుంతన్నాడో. ఇంత భక్తుడని నాకు తెలీదు. ఇలాంటోడికి మట్టితో ఏటి పని." తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగింది. "నీకే బాబూ. ఇంటికెల్లగానే రాయించీసుకో."

నాలిక మామూలుగా కావడానికి ఆరు రోజులు పట్టింది. ఈలోగా నారుమడి సగం మాడింది. మాట వచ్చిన రోజునే జగన్నాధం బంగారురాజుకు ఫోను చేశాడు.

"నిప్పు నేను తెచ్చినానని అత్తకి ఎందుకు సెప్పనేదురా?"

"నేను తెచ్చినానని మాత్రం ఎక్కడ అన్నాను అన్నయ్యా? ఇదిగో నిప్పు అన్నాను. అది నిప్పు కాదేటి?"

"మౌనవ్రతమని ఎవులు సెప్పమన్నారు నిన్ను?"

"నీ పరువు కాసినాను. నువ్వే కదా తల ఊపినావు."

జగన్నాధం ఫోను పెట్టేసి, సంగతంతా కుమారికి చెప్పుకున్నాడు. కుమారి తల్లి దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పింది. చెబుతూ మధ్యలో తనే రెండుసార్లు నవ్వింది, అది వేరే సంగతి. సుభద్రమ్మ అంతా విని నోట్లోని చుట్ట తీసి పట్టుకుంది.

"నోట్లో పెట్టుకుని తెచ్చినాడా?"

"అవునే అమ్మా. పదో అంతస్తు నుంచి."

"పాపం." ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత ఏదో తట్టినట్టు తలెత్తింది. "అయితే మరి మౌనవ్రతం?"

"ఏటీ నేదు."

"ఉపోషం?"

"ఏటీ నేదు. ఆకలికి సచ్చిపోయినాడు."

"తొలేకాశి నాడు, గంగమ్మ మీద కూకుని, వ్రతమని అబద్ధమాడినాడా?" సుభద్రమ్మ మొహం బిగుసుకుంది. "నాను ఇంకా మాట మార్సుకుందామా అని సూస్తన్నాను. నిప్పు తెచ్చిన పుణ్యమూ, అబద్ధమాడిన పాపమూ సెల్లుకి సెల్లు. నా మాట నా మాటే."

బంగారురాజు ఆ కథను ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. శ్రావణం వచ్చేసరికి కిరాణా కొట్టులో, కల్లం దగ్గర, ఆటో స్టాండులో జగన్నాధం కనబడితే చాలు, "బావా, చీర ఏ రంగు తీద్దుము" అని అడుగుతున్నారు. దేనికి భయపడి నోరు మూసుకున్నాడో అది ఎలాగూ జరిగింది.

రిజిస్ట్రేషను రోజున పెద్దల్లుడు సాక్షి సంతకం పెడితే బాగుంటుందని సుభద్రమ్మ కబురు పంపింది. జగన్నాధం వెళ్లాడు. చదివినది ఆరో తరగతే, అయినా సంతకం పెట్టేముందు కాగితం చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. దస్తావేజు రాసేవాడు విసుక్కున్నా వదల్లేదు. ఎవరి నుంచి ఎవరికి అన్నది చదివాడు, నాలుగు హద్దులూ చదివాడు. కింది వరస దగ్గర వేలు ఆగింది. ఆ మట్టిని తట్టతట్టగా మోసినవాడు, అది మొత్తం ఎంతో అచ్చు అక్షరాల్లో చూడడం అదే మొదటిసారి: ఒక ఎకరా ఇరవై ఏడున్నర సెంట్లు.